ఊ కొట్టేవాళ్లు దొరికాకే కథ మొదలైంది: అరకు కొండల్లో మా వర్క్‌షాపుల అనుభవం

అరకు కొండల్లోని ఒక గిరిజన గ్రామంలో పెద్దలు తమ భాషలో పిల్లలకు కథలు చెప్పేలా చేయాలని, 2022 డిసెంబరులో మేం నలుగురం పెట్టిన మొదటి వర్క్‌షాప్ రెండు రోజులు జరగాల్సింది, నలభై నిమిషాల్లో అయిపోయింది. విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కి అరకులో దిగి, అక్కణ్ణుంచి జీపులో ఇంకా లోపలికి వెళ్లాం. స్కూలు వరండాలో చాపలు వేశాం, మైకు పెట్టాం, ట్రైపాడ్ మీద ఫోను బిగించాం. కథలు బాగా చెబుతుందని ఊరంతా చూపించిన ఒక మామ్మను ముందు కూర్చోబెట్టాం, ఎదురుగా ఇరవై మంది పిల్లలు. ఆవిడ ఒక మాట చెప్పి ఆగింది. పిల్లల వైపు చూసింది. ఇంకో మాట చెప్పి మళ్లీ ఆగింది. పిల్లలు కిమ్మనకుండా కూర్చున్నారు, ఎందుకంటే రికార్డింగ్ జరుగుతోంది చప్పుడు చేయొద్దని చెప్పింది మేమే. అలా ఐదారు సార్లు ఆగి, చివరికి కొంగు దులుపుకుని లేచింది. "వినేవాళ్లు లేరు కదమ్మా, ఎవరికి చెప్పను?" అంది.

ఇరవై మంది కళ్లప్పగించి చూస్తుంటే వినేవాళ్లు లేరంటుందేమిటని ఆ రోజు మాకు అర్థం కాలేదు. ఆవిడ అలిసిపోయిందనుకున్నాం, మైకు చూసి బెదిరిందనుకున్నాం. రాత్రి మాకు అన్నం పెట్టిన ఇంటావిడ చెప్పింది అసలు సంగతి: ఎవరూ ఊ కొట్టలేదట. ఊ కొట్టకపోతే కథ నడవదట.

మా అందరికీ ఈ సంగతి తెలుసు. మా అమ్మమ్మ కథ చెబుతూ మధ్యలో "ఏయ్, నిద్రపోయావా, ఊ కొట్టవేం?" అని గిల్లేది. కానీ వర్క్‌షాప్ అనగానే అదంతా మర్చిపోయి, చెప్పేవాళ్లు ఒకవైపు, వినేవాళ్లు ఒకవైపు, మధ్యలో మిషను అని ఏర్పాటు చేసుకున్నాం. ఆ తర్వాత మూడేళ్లలో మేం నేర్చుకున్నదంతా ఆవిడ చెప్పిన ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది. ఇలాంటి పని చేయాలనుకుంటున్న వాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఊరి పేరు రాయడం లేదు, మనుషుల పేర్లు కూడా, వాళ్లే వద్దన్నారు.

ముందు ఆ చోటు గురించి కొంచెం. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా విడిగా ఏర్పడింది కానీ, అరకు వైపు ఊళ్లకు పెద్దాసుపత్రి, కాలేజీ, కూలిపని, అన్నీ ఇప్పటికీ విశాఖలోనే. అక్కడ వారపు సంతకు వెళ్లి ఒక చెట్టు కింద కూర్చుంటే చాలు, గంటలో మూడు భాషా కుటుంబాలు చెవిన పడతాయి. కోదు తెగవాళ్ల కువి, కొండదొరల కొండ అనే భాష ద్రావిడ భాషలు, మన తెలుగుకు చుట్టాలు. గదబల్లో కొందరి గుతోబ్ ముండా కుటుంబానిది, దానికీ తెలుగుకీ ఏ చుట్టరికమూ లేదు. వీళ్లందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వాడే ఆదివాసీ ఒరియా మళ్లీ వేరే కుటుంబం. ఉప్పు కొనడానికి ఒక భాష, ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు కొండ భాష మీద పనిచేసి 1969లో దాని వ్యాకరణం అచ్చువేశారు. అంటే ఈ భాషలు ఎవరికీ పట్టనివేం కావు, పండితులకు చాలాకాలంగా తెలుసు. ఇబ్బంది వేరే చోట ఉంది. మేం వెళ్లిన కోదుల ఊళ్లో ముసలివాళ్లు కువిలో కథ చెబుతారు, నడివయసువాళ్లకు కువి వచ్చు కానీ ఎక్కువగా ఆదివాసీ ఒరియా మాట్లాడతారు, హాస్టల్లో చదివే పిల్లలు కువి అర్థం చేసుకుని తెలుగులో జవాబిస్తారు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర.

ఇక్కడి గిరిజనుల నాట్యం ధింసా సంగతి వేరు. అరకు వచ్చిన టూరిస్టులు చూస్తారు, డబ్బులిస్తారు, ఊరివాళ్లు స్టేజీల మీద కూడా ఆడతారు. ఆట చూడ్డానికి భాష అక్కర్లేదు. కథకు భాష కావాలి, అందుకే ధింసా వేసే ఊళ్లలో కూడా కథ ముందు ఆరిపోతోంది. ఇది నేను కళ్లారా చూశాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

రెండోసారి వెళ్లేముందు మూడు విషయాలు మార్చాం. మొదటిది కాలం. డిసెంబరు అంటే కాఫీ పండ్లు కోసే రోజులు. ముసలివాళ్లతో సహా అందరూ తోటల్లో ఉంటారు, కూలి పోగొట్టుకుని మా వరండాలో కూర్చోమనడం అన్యాయం. కోతలు, కాఫీ అన్నీ అయ్యాక, ఫిబ్రవరి ఆఖర్లో వెళ్లాం. రెండోది పొద్దు. పగలు వద్దు, రాత్రి అన్నాలయ్యాక, ఎవరింటి పొయ్యి దగ్గరైనా సరే. మూడోది, చెప్పేవాళ్లకు శిక్షణ అన్న ఆలోచన పూర్తిగా వదిలేశాం. ఆ మామ్మకు కథ చెప్పడం మేమెవరం నేర్పడానికి! శిక్షణ కావాల్సింది వినేవాళ్లకు.

ఆ ఊళ్లో ఊ కొట్టడమంటే ఊరికే ఊ అనడం కాదు. మామ్మ ఒక మాట చెబుతుంది, వినేవాళ్లలో ఒకరు ఆ మాటలోని చివరి ముక్కను తిరిగి అనాలి. పులి కొండెక్కింది అంటే "ఎక్కింది" అనాలి, అదీ కువిలో. ఆ ఒక్క ముక్క అనడానికి మాట పూర్తిగా వినాలి, అర్థం కావాలి, క్రియ సరిగ్గా పట్టుకోవాలి. మనం క్లాసులో కష్టపడి చేయించే పనంతా అందులో ఉంది. తప్పుగా అంటే మామ్మ ఆగి సరైన మాట మళ్లీ చెబుతుంది, తిట్టదు. అర్థం కానిచోట పిల్లలు ఆపి అడగొచ్చు. ఇది గమనించాక మాకు పని తేలికైంది. ఒక్కో రాత్రి ఒక్కో పిల్లవాడు ఊ కొట్టేవాడు, మిగతావాళ్లు వినేవాళ్లు. వర్క్‌షాప్ అంటే ఇంతే. మొదటి వారం వాళ్లకు చివరి ముక్కలు కూడా దొరకలేదు, ఒక ఏడో తరగతి పిల్లవాడైతే మూడు రాత్రులు తెలుగులోనే ఊ కొట్టాడు, మామ్మ కువిలో చెబుతుంటే వాడు తెలుగులో "ఎక్కింది", "దిగింది", "తినేసింది" అంటూ. మా టీములో ఒకరు దాన్ని ఆపుదామన్నారు. మామ్మ ఒప్పుకోలేదు. "వాడు వింటున్నాడు కదా" అంది. నాలుగో రాత్రి రెండు మాటలు కువిలో వచ్చాయి వాడికి.

ఆ రోజుల్లో నాకు గిడుగు రామమూర్తి గారు పదేపదే గుర్తొచ్చేవారు. ఉత్తరాంధ్ర వాళ్లం, ఆయన్ని వాడుక భాష ఉద్యమానికి, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి తలచుకుంటాం కానీ, అంతకు ముందు ఆయన పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకతన్ని ఇంట్లోనే పెట్టుకుని, రోజూ వింటూ నేర్చుకున్నారు. ఆ తర్వాతే ఆయన సవరల పాటలూ కథలూ రాసుకున్నారు, వాళ్ల పిల్లలకు పుస్తకాలు తయారు చేశారు. రాయడం కంటే ముందు ఏళ్ల తరబడి వినడం ఉంది. మేం నలుగురం ఆ వరస తిరగేసి మొదలుపెట్టాం, తర్వాత సరిచేసుకున్నాం. మాలో ముగ్గురికి ఇప్పుడు కువిలో ఊ కొట్టడం వచ్చు. మాట్లాడటం ఇంకా సరిగ్గా రాదు.

ఇక బొర్రా గుహల కథ చెప్పాలి, ఎందుకంటే మా పనిలో పెద్ద మలుపు అక్కడే వచ్చింది. ఆ కథ విశాఖలో ఎవరినడిగినా చెబుతారు. కొండ మీద మేస్తున్న ఆవు పైనున్న కంతలోంచి గుహలో పడిపోయింది, వెతుక్కుంటూ వెళ్లిన పశువుల కాపరికి లోపల శివలింగంలాంటి రాయి కనపడింది, శివుడే ఆవును కాపాడాడనుకున్నారు, ఆవు పొదుగు నుంచి వచ్చింది కాబట్టి ఏరు గోస్తని అయింది. గైడ్లు రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. పిల్లలందరికీ తెలిసిన కథ కదా అని అలవాటు కోసం ఒక రాత్రి దాన్నే పెట్టుకున్నాం. పిల్లలు తలా రెండు నిమిషాల్లో చెప్పేశారు. అప్పుడు మూల కూర్చుని చుట్ట కాలుస్తున్న ఒక తాత, అప్పటిదాకా మా దగ్గర నోరు విప్పనాయన, నేను చెబుతానన్నాడు. ముప్పావు గంట చెప్పాడు. ఆ ఆవు ఏ ఇంటి నుంచి బయల్దేరింది, ఏ గట్టు దాటింది, ఎక్కడ నీళ్లు తాగింది, ఏ చెట్టు కింద నెమరేసింది, కాపరి దాన్ని వెతుకుతూ ఏయే వాలులు దిగాడు, ప్రతిదానికీ పేరు ఉంది. ఆ పేర్లలో సగం పిల్లలు ఎప్పుడూ వినలేదు. తాత చెప్పడం అయ్యాక వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న శివుడి గురించి కాదు, ఆ వాగు ఎక్కడుందని.

మర్నాడు పొద్దున్న పిల్లలు, తాత, మేం కలిసి నడిచాం. కథలో ఉన్నంత దూరం కాకపోయినా, ఆ ఊరికి దగ్గర్లో ఉన్న వాటిల్లో తొమ్మిది చోట్లు తాత చూపించాడు. పిల్లలు కాగితం మీద గీసుకున్నారు. ఒక చోటకు వెళ్లేసరికి అక్కడ ఇప్పుడు వాగు లేదు, ఎండిపోయి రాళ్లు మిగిలాయి, పేరు మాత్రం ఉంది. తాత అక్కడ కాసేపు కూర్చుండిపోయాడు.

ఇది ఎందుకు ఇంత వివరంగా రాస్తున్నానంటే, పేర్లు ఉత్త పేర్లు కావు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, దాని నిబంధనలు 2008లో. ఆ నిబంధనల్లో అడవి భూమి మీద హక్కు రుజువు చేసుకోవడానికి ఏమేం సాక్ష్యాలు పనికొస్తాయో చెబుతూ, ఊరి పెద్దలు చెప్పిన మాటలను రాసి పెట్టినవి కూడా చేర్చారు. బావులు, శ్మశానాలు, పూజలు చేసే చోట్లు కూడా సాక్ష్యాలే. అంటే తాత కథలో చెప్పిన గట్టు పేరు, దేవుడి చెట్టు పేరు, రేపు ఒక కాగితం మీద ఆ ఊరికి పనికొచ్చే మాట కావచ్చు. బొర్రా చుట్టుపక్కల ఊళ్లకు ఇది కొత్త కాదు, అనంతగిరి మండలంలో గిరిజనుల భూముల్లో గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 1997లో గిరిజనుల పక్షాన తీర్పు ఇచ్చింది. మేం ఏ దరఖాస్తూ పెట్టించలేదు, అది మా పని కాదు. కానీ పిల్లలు గీసిన ఆ బొమ్మను పెద్దలు మడతపెట్టి గ్రామసభ కాగితాలతో పాటు దాచుకున్నారు. మేం అడగలేదు, వాళ్లకే తోచింది.

రికార్డింగ్ గురించి. ఆ మొదటి రోజు ఫోను బిగించినా, మొదటి ఏడు మేం ఒక్క కథా రికార్డు చేయలేదు. దీనికి కారణం ఉంది. మాకంటే కొన్నేళ్ల ముందు ఎవరో బృందం వచ్చి రెండు రోజులు కెమెరాలు పెట్టి తీసుకెళ్లారట, మళ్లీ ఇస్తామన్నారట, ఇవ్వలేదు. చనిపోయిన తన భర్త గొంతు అందులో ఉందని ఒకావిడ మమ్మల్ని అడిగింది, మీకేమైనా దొరుకుతుందా అని. మేం చాలాచోట్ల అడిగాం, దొరకలేదు. ఆవిడకు ఆ మాట చెప్పడానికి వెళ్లిన రోజు నా జీవితంలో కష్టమైన రోజుల్లో ఒకటి.

అందుకే మేం పెట్టుకున్న పద్ధతి ఇది. రెండో ఏడు నుంచి, ఊరివాళ్లే అడిగాక, పెద్ద పిల్లలే ఫోనుతో రికార్డు చేశారు. మర్నాడు రాత్రి అదే పొయ్యి దగ్గర అందరి ముందు వినిపించాలి. చెప్పినవాళ్లు గానీ, ఊరి పెద్దలు గానీ ఈ ముక్క వద్దంటే అక్కడికక్కడే తీసేయాలి. మిగిలింది రెండు మెమొరీ కార్డుల్లో ఎక్కించి ఒకటి పొదుపు సంఘం లీడర్ దగ్గర, ఒకటి స్కూల్లో. మా దగ్గర కాపీ ఉండదు. విశాఖలో మాకు సాయం చేసినవాళ్లు కొందరు దీనికి ఒప్పుకోలేదు, ఖర్చు పెట్టి ఏమీ చేతికి రాకపోతే ఎలా చూపించాలి అన్నారు. నాకు వాళ్ల ఇబ్బంది అర్థమవుతుంది, రిపోర్టులో ఏదో ఒకటి పెట్టాలి. అయినా ఈ విషయంలో తగ్గలేదు, ఇకముందు కూడా తగ్గం.

వద్దన్నవి ఏమిటని అడుగుతారు. ఒకటి చెబుతాను. చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది, చైత్ పొరొబ్ అని కూడా అంటారు. మగవాళ్లు వేటకు వెళ్తారు, ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పాటలు కట్టి ఆటపట్టిస్తారు. ఆ పాటలు చాలా బాగుంటాయి, పిల్లలకు బాగా ఇష్టం, ఆగస్టులో ఒక సెషన్‌లో వాటిని పాడించుకుందామని మాలో ఒకరు అడిగారు. మామ్మ కుదరదంది. వేట లేకుండా ఆ పాట ఎవరిని ఉద్దేశించి పాడాలని అడిగింది. పండుగ నాడు రండి, పాడతాం, అప్పుడు కూడా ఫోను బయటే పెట్టండి అంది. అంతే, ఆ పాటలు మా పనిలో లేవు.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. కథ చెప్పినందుకు డబ్బు ఇస్తే అమ్మకం అయిపోతుందేమో అని మాకు మొదట్లో టెన్షన్ ఉండేది, చాలామంది పెద్దలు కూడా అలాగే భయపెట్టారు. ఊళ్లోనే కూర్చుని మాట్లాడాక తేలింది, కథకు డబ్బు వద్దు, కానీ రాత్రి మేలుకుంటే మర్నాడు పనికి వెళ్లలేం కాబట్టి ఆ కూలి ఇవ్వండి అన్నారు. కాఫీ తోటలో ఇచ్చే రోజు కూలి ఎంతో అంతే, ఒక్క రూపాయి ఎక్కువ లేదు తక్కువ లేదు. పొయ్యిలో కట్టెలు, టీ, చోడి అంబలి, వాటి ఖర్చు ఆ ఇంటివాళ్లకు విడిగా. లెక్కంతా సంఘం పుస్తకంలోనే రాశాం. ఎవరూ గొడవ పడలేదు.

రాయడం మూడో ఏడు మొదలైంది. కువికి వాడుకలో ఉన్న సొంత లిపి లేదు, మన వైపు తెలుగు లిపిలో రాస్తారు, కువి, కొండ, ఆదివాసీ ఒరియా వాచకాలు ప్రభుత్వ బడుల కోసం ఇప్పటికే తెలుగు లిపిలో తయారై ఉన్నాయి. పిల్లలు రాస్తుంటే ఒక చోట చిక్కొచ్చింది. కువిలో గొంతు దగ్గర చటుక్కున ఊపిరి ఆగే శబ్దం ఒకటుంది, తెలుగులో దానికి అక్షరం లేదు. అది వదిలేస్తే మాట మారిపోతుంది, మామ్మకు చదివి వినిపిస్తే "ఇది నేను చెప్పలేదే" అంటుంది. పిల్లలు రెండు రోజులు వాదించుకుని, ఆ చోట పైన చిన్న గీత పెట్టాలని తీర్మానించుకున్నారు. నాకైతే ఆ గీత చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్ల భాషలో ఒక శబ్దాన్ని వాళ్లే పట్టుకుని, వాళ్లే గుర్తు పెట్టుకున్నారు. అలా ఆరు కథలు రాశారు, జెరాక్స్ తీసి దారంతో కుట్టిన పుస్తకాలు, స్కూల్లో ఉన్నాయి.

విశాఖలో చేసిన పని అంత బాగా నడవలేదు. ఆ ఊరి వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్లలో ఇంటర్, డిగ్రీ చదివే అమ్మాయిలు కొందరు ఉన్నారు. ఆదివారాలు ఎంవీపీ కాలనీలో మాకున్న చిన్న గదిలో కలిసేవాళ్లం. ఇక్కడ పొయ్యి లేదు, రాత్రి లేదు, సాయంత్రం ఆరుకి హాస్టల్ గేటు వేసేస్తారు. మొదట్లో వాళ్లకు తమ భాషలో మాట్లాడాలంటేనే సిగ్గు, బస్సులో తోటి పిల్లలు నవ్వారని ఒకమ్మాయి చెప్పి ఏడ్చేసింది. ఫోనులో ఇంటికి చేసి స్పీకర్ పెట్టి కథ వినే ప్రయత్నం చేశాం. ఊళ్లో సిగ్నల్ లేదు, మామ్మ రోడ్డు దాకా ఎక్కి రావాలి, చలిలో ముసలావిడ ఎంతసేపు నిలబడుతుంది? రెండు సార్లు చేసి మానేశాం. ఒకటి మాత్రం నిలబడింది. సంక్రాంతికి, వేసవికి సెలవులకు వెళ్లే ముందు ఆ అమ్మాయిలు ఒకరికొకరు ఊ కొట్టడం ఇక్కడే సాధన చేసుకుని వెళ్తారు, ఇంటికెళ్లాక సిగ్గుపడకుండా. ఏడుగురితో మొదలై నలుగురు మిగిలారు. వాళ్లలో ఒకమ్మాయి సెలవుల్లో ఇంట్లో తమ్ముళ్లకు తనే కథ చెప్పడం మొదలుపెట్టింది, నాయనమ్మ పక్కనుంచి సరిచేస్తూ ఉంటుందట.

ఫలితం ఏమిటని నన్ను అంకెలు అడుగుతారు. ఊళ్లో ఇప్పుడు కువిలో పూర్తి కథకు ఊ కొట్టగలిగే పిల్లలు పదకొండు మంది. వాళ్లలో సొంతంగా కథ చెప్పగలిగేది ముగ్గురు. గుతోబ్ మాట్లాడే ఊరు ఒకటి మమ్మల్ని పిలిచింది, వెళ్లాం. అక్కడ ఆ భాషలో కథ చెప్పేవాళ్లు ఇద్దరే దొరికారు, ఇద్దరూ ముసలివాళ్లే, ఒకాయనకు సరిగ్గా వినపడదు. మా దగ్గర ఆ భాష వచ్చినవాళ్లు ఎవరూ లేరు. అక్కడ ఊ కొట్టడం ఎలా ఉంటుందో కూడా మాకింకా తెలీదు, ముందు ఆ ఇద్దరి దగ్గర కూర్చోవాలి, దానికి ఒక ఏడు పడుతుంది. ఆ ఏడు వాళ్లకు ఉండాలని రోజూ అనుకుంటాను.

మొదటి రోజు లేచి వెళ్లిపోయిన మామ్మ పోయిన ఫిబ్రవరిలో ఒక రాత్రి పులి కథ చెబుతోంది. మూడు రాత్రులు తెలుగులో ఊ కొట్టిన పిల్లవాడే పక్కన ఉన్నాడు, అప్పటికి తొమ్మిదో తరగతి. మధ్యలో వాడు ఊ అనకుండా ఆపాడు. కిందటేడు ఇక్కడ నక్క ఎడమ పక్క దారి పట్టిందన్నావు, ఇప్పుడు కుడి అంటున్నావు అని కువిలో అడిగాడు. మామ్మ కాసేపు ఆలోచించింది. అవును ఎడమే అంది, మళ్లీ ఆ చోట నుంచి చెప్పింది. ఆ రాత్రి కథ అయ్యేసరికి పదకొండు దాటింది.

ఈ జూన్ నుంచి వాడి హాస్టల్ మారింది, దూరం, నెలకోసారి వస్తాడు. వాడి చోట ఇప్పుడు చెల్లెలు కూర్చుంటోంది, నాలుగో తరగతి. ఇంకా తెలుగులోనే ఊ కొడుతోంది.